నాయన ఫోన్లో నా ఓటీపీ

స్టుట్‌గార్ట్‌కు కొత్తగా రాబోతున్న ఒక అబ్బాయి మొన్న మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక ప్రశ్న వేశాడు. కుక్కర్ తెచ్చుకోవాలా, ఆవకాయ ఏ బ్యాగులో పెట్టాలి లాంటివి అందులో రోజూ వచ్చేవే. ఇతను అడిగింది వేరు: "ఇండియా సిమ్ ఏం చేసి రావాలి?" కాసేపట్లోనే జవాబులు గుట్టగా వచ్చిపడ్డాయి. దాదాపు అన్నిట్లోనూ ఒకటే మాట. "మీ నాన్నకిచ్చి వచ్చెయ్. ఓటీపీ కావాల్సినప్పుడు ఫోన్ చేసి అడుగు. మేమందరం అదే చేస్తున్నాం."

అందరూ అదే చేస్తున్నారన్నది నిజమే. ఇక్కడ నాకు తెలిసిన తెలుగు ఇళ్ళలో సగానికి పైగా ఇండియా నంబర్లు ఊళ్ళో అమ్మానాన్నల దగ్గర ఓ పాత ఫోన్లో ఉన్నాయి. ఆ ఫోన్ టీవీ పక్కన చార్జింగ్‌లో ఉంటుంది. అది మోగితే ఇంట్లోవాళ్ళు పనులన్నీ వదిలేసి కళ్ళజోడు వెతుక్కుంటారు. ఈ పద్ధతి తప్పని నేను చాలాకాలంగా అనుకుంటున్నాను. గ్రూపులో రెండు ముక్కల్లో చెబితే వాదన అయిపోతుంది, ఎవరికీ ఏమీ అర్థం కాదు. అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నేననేది ఇది. మీ పేరు మీదున్న సిమ్ మీతోనే రావాలి. ఊళ్ళో మీ పనులు చూసిపెట్టే అమ్మకో నాన్నకో అన్నకో వాళ్ళ పేరుతోనే, కాగితం మీద, హక్కు ఇవ్వాలి. సిమ్ ఇచ్చేస్తే మీరు ఇచ్చేది హక్కు కాదు, మీ సంతకాన్ని. సంతకం పెట్టిన ఖాళీ చెక్కుల పుస్తకాన్ని టీవీ పక్కన వదిలి వచ్చే ధైర్యం మనలో ఎవరికీ లేదు. సిమ్ విషయంలో మాత్రం ఆ భయం మనకు కలగడం లేదు.

ఎందుకు ఇచ్చి వస్తాం అంటే కారణాలు తెలిసినవే. రోమింగ్ ఖర్చు, రెండు సిమ్‌లు పట్టని ఫోను, రీఛార్జి మర్చిపోతామన్న భయం. అన్నిటికీ మించి, ఊళ్ళో పనులు ఆగకూడదు. ఇంటి పన్ను కట్టాలి, కరెంటు బిల్లు, ఎల్ఐసీ ప్రీమియం, తమ్ముడి కాలేజీ ఫీజు. ఇవన్నీ మన ఖాతా నుంచే వెళ్తాయి. నాయన దగ్గర సిమ్ ఉంటే ఆయనే చూసుకుంటారు.

ఇందులో చాలామందికి ముందుగా తెలియని చిక్కు ఒకటుంది. ఇప్పుడు బ్యాంకు యాప్‌లకూ యూపీఐ యాప్‌లకూ ఎవరో ఫోన్లో ఓటీపీ చదివి వినిపిస్తే సరిపోదు. యాప్ మొదలుపెట్టేటప్పుడు ఆ ఫోన్లోంచే, ఆ సిమ్ నుంచే బ్యాంకుకు ఒక ఎస్సెమ్మెస్ వెళ్ళాలి. సిమ్ రాజంపేటలో, ఫోన్ స్టుట్‌గార్ట్‌లో ఉంటే అది జరగదు. దాంతో ఏమవుతుందంటే, యాప్ కూడా నాయన ఫోన్లోనే పెడతాం. తర్వాత ఎంపిన్, అంటే యాప్ తెరిచే రహస్య అంకెలు, ఆయనకే చెబుతాం. ఓటీపీ చదివే సాయంగా మొదలైంది ఏడాది తిరిగేసరికి ఖాతా మొత్తం ఆయన చేతిలోకి వెళ్ళడంతో ముగుస్తుంది. మనం అలా అనుకుని ఇవ్వలేదు, ఆయనా అడగలేదు.

చదివి వినిపించే అలవాటు

ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని బ్యాంకులు ప్రతి మెసేజ్ చివరా రాస్తాయి. రిజర్వ్ బ్యాంకు ఎన్నో ఏళ్ళుగా టీవీల్లో, పేపర్లలో అదే చెబుతోంది. మన ఇళ్ళల్లో మాత్రం డెబ్భై ఏళ్ళ పెద్దవాళ్ళకు మనమే దానికి పూర్తిగా వ్యతిరేకమైన పాఠం నేర్పిస్తున్నాం. ఫోన్ మోగుతుంది. అవతల గొంతు తొందరపెడుతుంది: "నాన్నా, నంబర్ వచ్చిందా, త్వరగా చదువు, టైమ్ అయిపోతుంది." ఆయన చదువుతారు. నెలకు కొన్నిసార్లు, ఏళ్ళ తరబడి ఇదే జరిగితే ఆయనకు ఏం అలవాటవుతుంది? తొందరపెట్టే గొంతు వినబడితే అంకెలు చదవడం.

ఇక్కడ నాతో పనిచేసే ఒకరి ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. వాళ్ళ నాన్నగారు గుంటూరు వైపు ఒక పల్లెలో ఉంటారు. రిటైరైన టీచరు. డబ్బు విషయంలో ఎంత జాగ్రత్త మనిషంటే, పాలవాడి లెక్క కూడా పుస్తకంలో రాసి పెడతారు. ఒకరోజు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. "మీ అబ్బాయి జర్మనీలో ఉన్నారు కదండీ, ఆయన ఖాతా కేవైసీ ఈరోజుతో అయిపోతుంది, ఇందాకే ఆయనతో మాట్లాడాం, మీ దగ్గరున్న నంబరుకు వచ్చింది చదవమన్నారు." కొడుకు పేరు తెలుసు, దేశం తెలుసు, నంబరు ఇంట్లో ఉందనీ తెలుసు. ఆయన చదివారు. రెండోసారీ చదివారు. సాయంత్రానికి డబ్బు పోయింది.

కొడుకు చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తుంది. "తన ఫోనుకు వచ్చి ఉంటే నాన్న ఎవరికీ చెప్పేవాడు కాదు. నాది కాబట్టి చెప్పాడు." ఆ పెద్దాయన తన డబ్బు దగ్గర చూపే జాగ్రత్త కొడుకు డబ్బు దగ్గర చూపలేదని దీని అర్థం కాదు. కొడుకు పని ఆగిపోతుందేమోనన్న ఆత్రం ఆయన జాగ్రత్తను మింగేసింది. మోసగాళ్ళు దెబ్బ కొట్టేది అక్కడే.

సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చారు. కొంత డబ్బు దారిలో ఆగింది, ఎక్కువ భాగం దొరకలేదు. బ్యాంకువాళ్ళు మర్యాదగానే మాట్లాడారు కానీ, ఖాతాదారుడు కాని మనిషి దగ్గర నంబరు ఎందుకుంది అని అడిగారు. ఆ ప్రశ్నకు ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఇక్కడ రూలు కూడా తెలుసుకోవాలి. మోసపోయిన ఖాతాదారుడు ఎంతవరకు నష్టం భరించాలన్న దాని మీద రిజర్వ్ బ్యాంకు 2017 జులైలో ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఆ సర్క్యులర్ ప్రకారం తప్పు బ్యాంకుదైనా, మూడో మనిషిదై మనం మూడు పనిదినాల్లోపు చెప్పినా, నష్టం మన మీద పడదు. అదే మన అజాగ్రత్త వల్ల, అంటే పాస్‌వర్డూ ఓటీపీ లాంటివి మనమే ఇంకొకరికి ఇవ్వడం వల్ల జరిగితే, బ్యాంకుకు చెప్పేవరకు పోయినదంతా మనదే. ఇంకొకరు అంటే దొంగ మాత్రమే అనుకుంటాం. బ్యాంకు లెక్కలో నాయన కూడా ఇంకొకరే. సిమ్ ఇచ్చి వచ్చిన రోజే మన రక్షణ సగం పోయింది.

డిజిటల్ అరెస్టు పేరుతో వీడియో కాల్‌లో పెద్దవాళ్ళను గంటల తరబడి కూర్చోబెట్టి డబ్బు గుంజే మోసాల గురించి 2024 అక్టోబరులో ప్రధానమంత్రి కూడా తన రేడియో ప్రసంగంలో హెచ్చరించారు. ఆ మోసాల్లో వినబడే ఒక మాట "మీ అబ్బాయి పేరు కేసులో ఉంది". పిల్లలు దూరదేశంలో ఉన్న ఇంట్లో ఆ ఒక్క మాటకే కాళ్ళు వణుకుతాయి. అలాంటి ఇంట్లో పిల్లల ఖాతా తాళం కూడా పెట్టి రావడం నాకు ఏ రకంగానూ సబబుగా కనబడదు.

"నాయనను నమ్మవా?"

ఈ మాట నేను ఎక్కడ చెప్పినా వెంటనే వచ్చే ప్రశ్న ఇదే. మా ఇంట్లోనూ వచ్చింది. నా సిమ్ నాతో తెచ్చుకుంటానని చెప్పినప్పుడు అమ్మ ఏమీ అనలేదు. నాయన మాత్రం కొంచెంసేపు ఆగి, "సరే, ఇంక నాతో పనేముందిలే" అన్నారు. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ బాధ కలిగింది.

దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను. ఓటీపీ కోసం చేసే ఫోను ఓటీపీతో ఆగదు. అంకెలు చదివాక "తిన్నావా" అంటారు. వాన పడిందని చెబుతారు. ఎవరింట్లో పెళ్ళో, ఎవరు పోయారో చెబుతారు. పని ఉండి చేసే ఫోన్లకు ఒక సుఖం ఉంది, మాట్లాడటానికి కారణం వెతుక్కోనక్కర్లేదు. పెద్దవాళ్ళకు, ముఖ్యంగా ఉద్యోగం మానేసిన మగవాళ్ళకు, పిల్లల పనిలో తమ చెయ్యి ఉందన్న తృప్తి చిన్నది కాదు. నేను సిమ్ తెచ్చుకున్నాక మా మధ్య పగటిపూట ఫోన్లు తగ్గాయన్నది నిజం. నా వాదనకు వ్యతిరేకంగా నిలబడేవాటిలో అన్నిటికన్నా బలమైనది ఇదేనని నేనే ఒప్పుకుంటాను.

అయినా నా అభిప్రాయం మారలేదు. ఎందుకంటే నమ్మకం ఉన్న మనిషికి ఇవ్వాల్సింది అధికారం. దొంగచాటుగా నా పేరుతో లాగిన్ అయ్యే అవసరం కాదు. నాయన నా ఖాతాలోంచి ఇంటి పన్ను కడితే రికార్డులో కట్టింది నేను. ఆయన చేసిన పని ఎక్కడా లేదు. రేపు ఏదైనా తేడా వస్తే ఆయన బ్రాంచికి వెళ్ళి "ఈ ఖాతా నేను చూస్తాను" అని చెప్పుకోలేరు. చెబితే ఇద్దరికీ ఇబ్బంది.

దీనికి బ్యాంకుల్లో మార్గం ఎప్పటినుంచో ఉంది, మనమే అడగం. విదేశంలో ఉద్యోగానికి వెళ్ళినవాళ్ళు ఊళ్ళోని మామూలు సేవింగ్స్ ఖాతాను అలాగే ఉంచుకోకూడదు. విదేశీ మారకం మీద ఉన్న ఫెమా చట్టం ప్రకారం దాన్ని ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా, అంటే విదేశంలో ఉండేవాళ్ళు ఇండియాలోని రాబడి ఉంచుకునే ఖాతాగా, మార్పించుకోవాలి. మార్పించుకున్న ఖాతాకు ఊళ్ళో ఉండే ఒకరిని మ్యాండేట్ హోల్డర్‌గా, అంటే మన తరఫున ఖాతా నడిపే మనిషిగా, పెట్టవచ్చు. ఆయన తన సొంత సంతకంతో చెక్కు ఇవ్వవచ్చు, ఊళ్ళో బిల్లులు కట్టవచ్చు, ఇంటి ఖర్చులకు తీసుకోవచ్చు. ఆ డబ్బును ఇంకొకరికి బహుమతిగా రాసివ్వలేరు, ఖాతాదారుడికి తప్ప విదేశానికి పంపలేరు. అంటే మనం కోరుకునే హద్దులే అందులో ఉన్నాయి. విదేశీ సంపాదన పంపుకునే ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో అయితే దగ్గరి బంధువును ఫార్మర్ ఆర్ సర్వైవర్ పద్ధతిలో జాయింటుగా చేర్చుకోవచ్చు. మనం ఉన్నంతకాలం వాళ్ళు మన తరఫున నడుపుతారు, మనకేమైనా అయితే ఆ డబ్బు తీసుకునే హక్కు వాళ్ళకు వస్తుంది. ఈ చివరి సంగతి మాట్లాడటానికి ఎవరికీ ఇష్టం ఉండదు. కానీ విదేశంలో మనిషి పోయినప్పుడు, సిమ్ నాన్న దగ్గరుంది కదా అని ఆ డబ్బు నాన్నకు రాదు.

చాలామంది ఖాతా మార్పించుకోరు, ఎందుకంటే ఎన్‌ఆర్‌ఓ వడ్డీ మీద 30 శాతం పన్ను, సెస్సుతో 31.2 శాతం, ముందే పట్టుకుంటారన్న భయం. జర్మనీలో ఉన్నవాళ్ళకు రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం వడ్డీ మీద అది 10 శాతమే. ఇక్కడి పన్ను కార్యాలయం నుంచి నివాస ధ్రువపత్రం తెచ్చి బ్యాంకుకు ఇవ్వాలి. ఎన్‌ఆర్‌ఈ వడ్డీ మీద ఇండియాలో పన్నే లేదు. ఉన్న కొద్ది నిల్వకు వచ్చే వడ్డీ కోసం ఏళ్ళ తరబడి తప్పు రకం ఖాతా నడపడం ఎందుకో నాకు అర్థం కాదు.

పొలం, ఇల్లు లాంటి వ్యవహారాలకు మ్యాండేట్ చాలదు, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) కావాలి. దక్షిణ జర్మనీలో ఉన్న మాకు అది మ్యూనిక్‌లోని భారత కాన్సులేట్‌లో జరుగుతుంది. అక్కడ సంతకం చేసి పంపితే సరిపోదు, ఊరికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఈ గడువు సంగతి తెలియక జీపీఏను బీరువాలో పెట్టేసినవాళ్ళు చాలామంది.

మా నాయన ఇప్పుడు మ్యాండేట్ హోల్డర్. బ్రాంచిలో ఆయన సంతకం తీసుకున్నారు, ఆయన పేరు రాసుకున్నారు. మేనేజరు ఆయనను పేరు పెట్టి పలకరిస్తాడు. ఓటీపీ చదివే పని పోయినప్పుడు పోయిన తృప్తి దీనితో పూర్తిగా తిరిగి వచ్చిందని నేను అనను. కొంత వచ్చింది. ఫోన్ల సంగతి వేరేగా చూసుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఆదివారం పొద్దున, వాళ్ళకు మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఏ పనీ లేకుండా మాట్లాడుకుంటున్నాం. ఇద్దరికీ అలవాటు కావడానికి సమయం పట్టింది.

సిమ్ బతికించుకోవడం

సిమ్ తెచ్చుకోవాలి సరే, దాన్ని బతికించుకోవడం ఎలా అన్నది రెండో సంగతి. రోమింగ్ బయల్దేరే ముందే ఆన్ చేయించుకోవాలి, చాలా కంపెనీలకు ఇక్కడికొచ్చాక అది తలనొప్పి. ఎస్సెమ్మెస్ రావడానికి మామూలుగా డబ్బు పడదు, కాల్ ఎత్తితే పడుతుంది. డేటా లేకుండా మాటలకూ ఎస్సెమ్మెస్‌లకూ మాత్రమే ప్యాకులు పెట్టాలని, వాటి గడువు 365 రోజుల వరకు ఉండవచ్చని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో చెప్పింది. ఆ తర్వాత అలాంటి ప్యాకులు వచ్చాయి. ఏడాదికి రెండు వేల రూపాయల దరిదాపుల్లో పని అయిపోతుంది. ఇక్కడ ఒకపూట బయట తిన్నంత ఖర్చు.

రీఛార్జి మానేస్తే ఏమవుతుందో చాలామందికి తెలియదు. కట్ అయిన నంబరును కంపెనీ కనీసం 90 రోజులు ఆపి, తర్వాత కొత్త మనిషికి ఇచ్చేస్తుంది. ఆ కొత్త మనిషికి మీ బ్యాంకు మెసేజ్‌లు వెళ్తాయి. ఇది ఊహ కాదు. ఇలా చేతులు మారిన నంబర్లను కనీసం వారానికోసారి తమ లెక్కల్లోంచి తీసేయాలని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2025లో బ్యాంకులకూ యూపీఐ యాప్‌లకూ ఆదేశం ఇవ్వాల్సి వచ్చింది. సిమ్ పోతే ఇంకో గొడవ. కొత్త సిమ్ కోసం మనిషి ఎదురుగా ఉండాలి, వచ్చాక కూడా మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపేస్తారు. మోసాలు ఆపడానికి పెట్టిన రూలు అది, మంచిదే. రెండు వారాల సెలవులో ఒకరోజు దానికి పోతుందని లెక్కలో ఉంచుకోవాలి.

అసలు ఇంత పని ఒక్క ఇండియా నంబరు మీద ఎందుకు వేలాడాలి? ఎన్‌ఆర్‌ఓ, ఎన్‌ఆర్‌ఈ ఖాతాలకు విదేశీ నంబరు తీసుకునే బ్యాంకులు ఇప్పుడు చాలానే ఉన్నాయి. నా ఖాతాకు నా జర్మనీ నంబరే ఉంది. ఎస్సెమ్మెస్ ఓటీపీయే కావాలని రిజర్వ్ బ్యాంకు పట్టుబట్టడం లేదు. 2025 సెప్టెంబరులో ఇచ్చి, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా పెట్టిన నిబంధనల్లో వేరే పద్ధతులు కూడా వాడవచ్చని స్పష్టంగా ఉంది. బ్యాంకులు తలచుకుంటే చేయగలవు.

కదలనిది ఆధార్. విదేశీ నంబరును ఆధార్ తీసుకోదు. పీఎఫ్ డబ్బుకు ఆధార్ ఓటీపీ, డిజిలాకర్‌కు ఆధార్ ఓటీపీ. ఇక్కడ పన్ను కడుతూ, భారత పాస్‌పోర్టుతో బతుకుతున్న మనిషికి తన దేశపు గుర్తింపు వాడుకోవాలంటే తన దేశంలో నడిచే సిమ్ ఉండాలి. పాస్‌పోర్టును ఏ దేశంలోనైనా కాన్సులేట్‌లో మార్చుకోవచ్చు, ఆధార్‌లో నంబరు మార్చుకునే సౌకర్యం మాత్రం అక్కడ లేదు. కాన్సులేట్లలోనే వేలిముద్ర తీసుకుని ఆ పని చేసే ఏర్పాటు ఎందుకు ఉండకూడదో నాకు తెలియడం లేదు.

కువైట్‌లో ఉన్నవాళ్ళ మాట

ఇంతవరకు రాసిందంతా నాలాంటివాళ్ళకు. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఫారాలు నింపగలం, బ్యాంకుకు మెయిల్ రాయగలం, సెలవు అడిగితే దొరుకుతుంది. మా రాజంపేట, రాయచోటి వైపు నుంచి విదేశం వెళ్ళినవాళ్ళలో నాలాంటివాళ్ళు తక్కువ. మా వైపు విదేశం అంటే మొదట గుర్తొచ్చేది కువైట్. ఇళ్ళల్లో వంటకూ పిల్లలను చూసుకోవడానికీ వెళ్ళిన ఆడవాళ్ళు, డ్రైవర్లుగా, కూలీలుగా వెళ్ళిన మగవాళ్ళు ప్రతి వీధిలో ఉన్నారు. సిమ్ నాన్నకివ్వొద్దు, మ్యాండేట్ పెట్టుకో అని వాళ్ళకు చెప్పగలనా అన్నదే నా వాదనలో నేను ఎక్కువ తడబడే చోటు.

మా వీధిలో ఒకామె చాలా ఏళ్ళుగా కువైట్‌లో ఇంటిపనికి ఉంది. నాకు అక్క వరస. పోయేముందు ఊళ్ళో బ్యాంకులో ఆమె పేరుతో ఖాతా తీశారు. నంబరు దగ్గర మరిది నంబరు రాశారు, అప్పటికి ఇంట్లో సరైన ఫోను ఆయనకే ఉంది. ప్రతి నెలా ఆమె ఊరికి డబ్బు పంపే ఎక్స్ఛేంజిలో డబ్బు కట్టేది, మెసేజ్ మరిదికి వెళ్ళేది. ఖాతాలో ఎంతుందో ఆమెకు తెలియాలంటే ఆయన చెప్పాలి. పాస్‌బుక్ ఫోటో పంపమంటే ఒకసారి పంపేవాడు, ఒకసారి ప్రింటు వేయించలేదనేవాడు.

ఆయన దొంగ కాదు. నాకు తెలిసిన మనిషి, కష్టపడేవాడు. నీళ్ళు లేక తోట ఎండిపోతుంటే ఆమె డబ్బుతో బోరు వేయించాడు. మొదటిది పడలేదు, ఇంకోటి వేయించాడు. ఉమ్మడి పొలమే, ఇంటి కోసమే. ఆమె సెలవుకు వచ్చినప్పుడు కూతురి పెళ్ళికి ఉందనుకున్న డబ్బులో సగం లేదు. ఆమె నాతో అన్నది, "అడిగి ఉంటే నేనే ఎయ్యమని చెప్పేదాన్ని. నన్ను అడగాలని కూడా ఎవరికీ తోచలే." ఆ ఇంట్లో ఎవరూ ఆమెను మోసం చేయాలనుకోలేదు. ఆమె డబ్బు వచ్చినట్టు తెలిపే మెసేజ్ ఇంకొకరి జేబులో మోగేది, అందుకే అది ఆ జేబు ఉన్న మనిషి నిర్ణయించే డబ్బు అయిపోయింది.

నా అభిప్రాయం గట్టిపడింది ఈ సంగతి చూశాకే. సిమ్ ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్ళది అవుతుంది. జీతం ఎక్కువున్న నాకు అది అసౌకర్యం. ఆమెకు అది పదేళ్ళ కష్టం.

ఆమెకు దారి ఏమిటి? విదేశీ నంబర్లతో యూపీఐ వాడుకోవచ్చని ఎన్‌పీసీఐ 2023 జనవరిలో చెప్పినప్పుడు పది దేశాల జాబితా ఇచ్చింది. అందులో సింగపూర్, అమెరికా, యూకే ఉన్నాయి. సౌదీ, యూఏఈ, ఖతార్, ఒమన్ ఉన్నాయి. కువైట్ లేదు. జర్మనీ కూడా లేదు, కానీ నాకు వేరే దారులున్నాయి. ఇండియా సిమ్ పెట్టుకుందామంటే కొన్ని ఇళ్ళల్లో పనివాళ్ళ ఫోను యజమానురాలి దగ్గర ఉంటుంది, వారానికోసారి ఇస్తారు. ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా మార్చాలంటే బ్రాంచిలో ఆ ఫారం పేరు తెలిసినవాళ్ళు దొరకాలి. తెలిసినా పాస్‌పోర్టు కాపీ, వీసా కాపీ, విదేశీ చిరునామా రుజువు అడుగుతారు. ఇంకొకరి ఇంట్లో ఉండే మనిషి తన పేరున చిరునామా రుజువు ఎక్కడినుంచి తెస్తుంది?

"ఇవన్నీ చదువుకున్నవాళ్ళ వాదనలు" అని ఎవరైనా అంటే అందుకే నేను పూర్తిగా కాదనలేను. కానీ అది వాదనను వదిలేయడానికి కారణం కాదు. చదువు తక్కువున్నవాళ్ళకు పని సులువు చేయాల్సింది ఎవరో అడగడానికి కారణం. పాస్‌పోర్టు సేవల కోసం మన ఎంబసీలు గల్ఫ్‌లో శిబిరాలు పెట్టడం కొత్త కాదు. అదే శిబిరంలో బ్యాంకు ఫారం మీద సంతకాన్ని ధ్రువీకరించి ముద్ర వేయవచ్చు. విమానం ఎక్కేముందు ఇచ్చే శిక్షణలో ఖాతాకు ఎవరి నంబరు ఇచ్చారు అని ఒక్క ప్రశ్న అడగవచ్చు. ఖాతా తెరిచే గుమాస్తా, ఎదురుగా ఉన్న మనిషి పేరుకూ నంబరుకూ సంబంధం ఉందా అని ఒకసారి కనుక్కోవచ్చు. వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు.

పోయినసారి సెలవుకు వచ్చినప్పుడు ఆ అక్క నంబరు మార్పించుకోవడానికి బ్రాంచికి వెళ్ళింది. కూతురు తోడు వెళ్ళింది. సోమవారం సర్వర్ పనిచేయలేదు. తర్వాత వెళ్తే ఆ పని చూసే ఆయన సెలవులో ఉన్నాడు. ఆ తర్వాత ఆధార్‌లోనూ మరిది నంబరే ఉందని, ముందు అది మార్చుకుని రమ్మన్నారు. ఆధార్ సెంటర్లో మార్పు నమోదు చేసి కొన్ని రోజులు పడుతుందన్నారు. ఈలోగా ఆమె టికెట్ తేదీ వచ్చింది.

బ్యాంకుల్లో పనిచేసే మిత్రులెవరైనా ఇది చదువుతుంటే మీకు నా విన్నపం ఒకటే. గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చిన మనిషి నంబరు మార్చమని మీ కౌంటర్ దగ్గరికి వస్తే, కావాల్సిన కాగితాలన్నీ మొదటి రోజే ఒకేసారి చెప్పండి, రాసివ్వండి, ఆ వారంలోనే పని పూర్తి చేసి పంపండి. ఆమె తిరిగి వచ్చేది రెండేళ్ళ తర్వాత.